విజిల్ దాకా ఆపిన కబురు

బర్దా,
అక్టోబరు 9

తమ్ముడు ఎల్‌షాద్‌ను అన్న ఖన్‌లార్ దీవించి రాస్తున్న ఉత్తరం.

ఇక్కడ అందరం కులాసా. మీ వదినకి మోకాళ్ళు తప్ప మిగతా మనిషి బాగానే ఉంది, నోరు మరీ బాగుంది. నువ్వూ, మరదలూ, పిల్లలూ రష్యాలో ఆ పెర్మ్ చలిలో క్షేమంగా ఉన్నారని తలుస్తాను. దానిమ్మల లారీ అతనితో నువ్వు పంపిన ఉత్తరమూ, తేనె డబ్బా అందాయి. తేనె బాగుందని మీ వదిన ఒప్పుకుంది. ఆవిడ ఒక వస్తువు బాగుందని ఒప్పుకోవడం ఈ ఏడాదికి ఇది రెండోసారి.

ఫోను చేతిలో ఉండగా ఈ ఉత్తరాలేమిటని పిల్లలు నవ్వుతున్నారు. ఫోనులో మనిద్దరం అక్కడ మంచు పడిందా, ఇక్కడ వాన పడిందా అని తప్ప ఏం మాట్లాడుకున్నాం గనక? ఇది కూడా ఆ లారీ అతని చేతికే ఇస్తున్నాను. వారంలో నీకు అందాలి. అందగానే ఒంటరిగా కూర్చుని చదువు. మరదలికి చదివి వినిపించాలో లేదో తర్వాత నువ్వే తేల్చుకో.

మన తర్లాన్ ఫుట్‌బాల్ క్లబ్బు నిజంగా మూసేస్తున్నారా అని అడిగావు. మూసేశారు. మనం చచ్చేదాకా తర్లాన్ చావదనుకున్నాం, ముందు అదే పోయింది. లైసెన్సు ఇవ్వం అని వేసవిలోనే చెప్పారు. ఆ కట్టడాల కంపెనీ పెద్దమనిషి ఉన్నన్నాళ్ళు బ్రెజిల్ కుర్రాళ్ళూ, సెర్బియా కోచ్‌లూ, కొత్త బస్సూ అని ఊదరగొట్టాడు. ఆయన వెళ్ళిపోగానే వాళ్ళూ వెళ్ళిపోయారు, బస్సు కూడా వెళ్ళిపోయింది. ఆఖరి మ్యాచ్‌కి నేను వెళ్ళాను. నలభై మందిమి ఉన్నాం. అందులో పదిమంది నిద్రపోతున్నారు. నాలుగు గోల్స్‌తో ఓడిపోయాం. మన గోలీ బంతి వైపు చూడటం మానేసి వాచీ చూసుకుంటుంటే, లోపలికి దిగి రెండు తగిలిద్దామనిపించింది.

నీకు గుర్తుందా, యుద్ధంలో ఊరు పోయాక మొదటి పదేళ్ళు? ఇవాళ బర్దాలో, వచ్చే వారం యెవ్లఖ్‌లో, ఆ పై వారం బాకూలో. ఎక్కడ ఖాళీ మైదానం దొరికితే అదే మన సొంత మైదానం. చొక్కాలు శరణార్థుల హాస్టళ్ళ వరండాల్లో ఆరేసేవాళ్ళం. అయినా రైలు పెట్టెల్లో కాపురముంటున్న మన నర్‌బాగ్ జనం మొత్తం మ్యాచ్‌కి వచ్చేవాళ్ళు. ఎవరూ చెప్పకుండానే పాత వీధుల ప్రకారం కూర్చునేవాళ్ళు. వైన్ ఫ్యాక్టరీ వీధి వాళ్ళు ఎడమ పక్క, మసీదు వీధి వాళ్ళు మధ్యలో, కాలవ అవతలి వాళ్ళు పైన. పెళ్ళి సంబంధాలు అక్కడే కుదిరేవి, చావు కబుర్లు అక్కడే తెలిసేవి. ఆట అయిపోయే వరకూ మనకొక ఊరు ఉండేది. పోయింది క్లబ్బు కాదు, అది పోయింది. మీ వదిన నన్ను ఏడుపుగొట్టు ముసలాడంటోంది. అననీ.

మన స్టేడియం గురించి అడిగావు. మూడేళ్ళ కింద ఊరు తిరిగి మన చేతికి వచ్చిన దగ్గర్నుంచీ మందుపాతరలు తీస్తూనే ఉన్నారు. మే నెలలో స్టేడియం దాకా వచ్చారు. మైదానంలో మనిషెత్తు గడ్డి, రెండు గోల్‌పోస్టుల్లో ఒకటి ఉంది, ఇంకొకటి లేదు. ఆ మైదానానికి ఏటి ఒండ్రు మోసినవాళ్ళలో నాన్న కూడా ఉన్నాడు కదా. వైన్ ఫ్యాక్టరీలో ఎనిమిది గంటలు పనిచేసి, ఆ తర్వాత తట్టలు మోసేవాళ్ళమని ప్రతి అతిథికీ చెప్పేవాడు. చెప్పిన అతిథికే మళ్ళీ చెప్పేవాడు.

గేటు దగ్గర కూలిన గోడ ఎత్తితే కింద ఒక మనిషి ఎముకలు దొరికాయి. అందుకే జూన్‌లో నా దగ్గరా నీ దగ్గరా నెత్తురు తీసుకున్నారు. తప్పిపోయినవాళ్ళ కుటుంబాలందరికీ తీస్తున్నారని నీతో అన్నాను. అది సగం నిజం. పోయిన సోమవారం పిలిచారు. నాన్నే. మూర్వత్ పెద్దకొడుకు మీరేనా అని అడిగి, కుర్చీ చూపించి, టీ ఇచ్చి మరీ చెప్పారు. ఒక సంచీ కూడా చూపించారు. అందులో బెల్టు బిళ్ళ ఉంది, ఇంకా పెద్ద గుండీలు పన్నెండు ఉన్నాయి. ఒక్కో కోటుకి ఆరు. మన చలికోట్లు, ఎల్‌షాద్. మండుటెండలో మన ఇద్దరి చలికోట్లూ పట్టుకుని నిలబడ్డాడు.

ఇంతకాలం ఏం అనుకున్నాం? దారిలో ఎక్కడో చనిపోయి ఉంటాడనుకున్నాం. పట్టుకుపోయి ఉంటారేమో, ఎక్కడో బతికి ఉన్నాడేమో అని కూడా నువ్వు కొన్నేళ్ళు అన్నావు. ఎక్కడికీ వెళ్ళలేదు. మన బస్సు ఆగే చోటే ఉన్నాడు.

ఖననం ఈ నెల ఇరవయ్యారు, గురువారం, నర్‌బాగ్ శ్మశానంలో, అమ్మ పక్కన. అక్కడ మందుపాతరలు తీసేశారు. నువ్వు రావాలి. సమాధి రాయి నువ్వు తేనక్కర్లేదు, ఇక్కడ చెక్కిస్తున్నాను.

ఇంక నీ ఆఖరి ప్రశ్న. దాన్ని పై నుంచి కిందికి నెట్టుకుంటూ వచ్చానని నీకు ఈపాటికి అర్థమై ఉంటుంది. మాస్కో పెళ్ళిలో మన పోస్టాఫీసు గుల్‌బనీజ్ కనిపించిందనీ, ఊరు పోయిన రోజు ఆట మధ్యలో, పై ఊళ్ళో మనం ఆడుతున్న స్టేడియానికి తానే ఫోన్ చేశాననీ, వాచ్‌మన్ ఎత్తి "చెబుతాను" అన్నాడనీ, ఆ వాచ్‌మన్ ఎవరో కనుక్కోమనీ రాశావు. కనుక్కునే పని లేదు. వాచ్‌మన్ గ్యాలరీలో ఆట చూస్తున్నాడు. ఫోన్ ఎత్తింది నేను.

కాగితం చింపకు. మిగతాది కూడా చదువు.

ఆ ఏడాది మనం పెట్టుకున్న కట్టుబాటు నీకు తెలుసు. వారానికో శవం వస్తున్న రోజులు. ఆట ముందు ఏదో ఒక కబురు రావడం, ఒకడు ఏడవడం, వాణ్ణి చూసి పదిమంది ఏడవడం. అప్పుడు క్యాంటీనులో తందూరు రొట్టె మీద అందరం చెయ్యి పెట్టి ఒట్టు వేసుకున్నాం. చెడు కబురు ఏదొచ్చినా కెప్టెన్ దగ్గర ఆగుతుంది, విజిల్ పడ్డాకే చెబుతాడు అని. నీ చెయ్యి నా చేతి కిందే ఉంది. తర్వాత నెలకే మన జట్టులో నామిగ్ వాళ్ళన్న పోయిన కబురు వచ్చింది. తొంభై నిమిషాలూ కడుపులో పెట్టుకుని, ఆట అయ్యాక చెప్పాను. వాడు నన్ను కొడతాడేమో అనుకున్నాను. మెడ పట్టుకుని ఏడ్చి, "ముందే చెప్పుంటే నా కాళ్ళు ఆడేవి కావన్నా, నువ్వు మంచిపని చేశావు" అన్నాడు. ఆ సంగతి ఊరంతా చెప్పుకుంది. నాన్న అన్నం దగ్గర నా పళ్ళెంలో ఇంకో మాంసం ముక్క వేశాడు. నాకు గర్వం పట్టింది, ఎల్‌షాద్. కబురు దాచడం మగతనమనుకున్నాను.

కప్పు సెమీఫైనల్ నాడు విరామంలో నీళ్ళ కోసమని వాచ్‌మన్ గదికి వెళ్ళాను. ఫోన్ మోగుతోంది. లైను బాగా లేదు. ఆ పిల్ల నేనెవరో అడగలేదు, అరుస్తూనే ఉంది.

"ఎవరైనా సరే, తర్లాన్ కెప్టెన్‌కి చెప్పండి. ఊరు ఖాళీ అవుతోంది. వాళ్ళ నాన్న ఇక్కడ మన స్టేడియం గేటు దగ్గర కూర్చున్నాడు, ఎవరి లారీ ఎక్కమన్నా ఎక్కట్లేదు. మా అబ్బాయిల బస్సు వస్తుంది, దాంట్లోనే వెళ్తా అంటున్నాడు. బస్సు ఇప్పుడే పంపమనండి, ఇప్పుడే."

నేను "చెబుతాను" అన్నాను. పేరు చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో ముప్పై ఏళ్ళుగా ఆలోచిస్తున్నాను. పేరు చెబితే ఆ పిల్ల "మరి కదలండి" అనేది, అందుకే అయి ఉంటుంది.

ఒకటీ ఒకటీ మీద ఉన్నాం అప్పటికి. గెలిస్తే ఫైనల్. ఊరు అంతకు ముందు రెండుసార్లు ఖాళీ అయి మళ్ళీ నిండింది కదా అనుకున్నాను. ఊరు అరవై కిలోమీటర్లే కదా, మిగిలిన ఆట నలభై అయిదు నిమిషాలే కదా అనుకున్నాను. రొట్టె మీద ఒట్టు వేశాం కదా అని కూడా అనుకున్నాను. ఆట చెడిపోకూడదు, అంతే. మిగతావన్నీ దానికి నేను తొడిగిన బట్టలు. ఒక్క డ్రైవర్‌నైనా బస్సుతో పంపి ఉండొచ్చు. జట్టుకి చెప్పకుండానే పంపి ఉండొచ్చు. ఆ ఆలోచన నాకు రాలేదని చెబితే నువ్వు నమ్మకు. వచ్చింది. బస్సు కదలడం కుర్రాళ్ళు చూస్తారని ఊరుకున్నాను.

ఆ తర్వాత ఆట సాగింది. తొంభై నిమిషాల్లో తేలలేదు, అదనంగా మరో అరగంట ఇచ్చారు. అప్పుడైనా చెప్పవలసింది. గోల్‌లో నిలబడి నీ వైపు చూస్తున్నాను, నువ్వు నవ్వుతున్నావు. చివర్లో నువ్వు తలతో కొట్టిన ఆ గోల్, అందరూ నిన్ను భుజాల మీద ఎత్తుకున్న ఆ గోల్, ఇప్పటికీ నీ పిల్లలకి చెబుతుంటావే, అది పడ్డప్పుడు నాన్న ఆ గేటు దగ్గరే ఉన్నాడు. విజిల్ పడ్డాక గదిలోకొచ్చి, "ఇప్పుడే తెలిసింది, ఊరు ఖాళీ చేస్తున్నారట" అన్నాను. "ఇప్పుడే" అన్నాను.

ఊరికి పోతుంటే వంతెన దగ్గర సైనికుడు మనల్ని ఆపి అన్న మాట నీకు నాకంటే బాగా గుర్తు. "గంట ముందు వరకూ లారీలు వెళ్ళొచ్చాయి, ఇంక లేదు" అన్నాడు. నువ్వు మన బస్సు డ్రైవర్ సఫ్తర్ కాలర్ పట్టుకున్నావు. దారిలో ఇంజను వేడెక్కిందని నీళ్ళు పోయడానికి పది నిమిషాలు ఆపాడు పాపం. పది నిమిషాలు రా, పది నిమిషాలు, అంటూ అతని మొహం మీద కొట్టావు. పన్ను ఊడింది. నేను మీ ఇద్దరి మధ్యలోకి వచ్చి విడదీశాను, అందరూ నన్నెంత నిదానం గల మనిషో అన్నారు. ఆ రోజు నుంచీ అతను పది నిమిషాల సఫ్తర్ అయిపోయాడు. గ్యాలరీలో అతని పక్కన కూర్చున్నవాడు లేడు. కూతురి పెళ్ళికి మన వీధి నుంచి ఎవరూ వెళ్ళలేదు. నేనూ వెళ్ళలేదు.

సఫ్తర్ మార్చిలో పోయాడు. నీకు రాయలేదు, రాస్తే నువ్వు పీడ విరగడైంది అంటావని భయం. పోయే ముందు కబురు పంపితే వెళ్ళాను. మనిషి ఇంతై పోయాడు. భార్య తుకజ్‌బాన్‌ను టీ తెమ్మని బయటికి పంపించి, నా వైపు తిరిగాడు.

"ఆరోజు బకెట్లో నీళ్ళు పట్టుకుందామని నేనూ ఆ గదికే వచ్చానయ్యా. నువ్వు ఫోన్ పట్టుకుని ఉన్నావు. ఆవిడ అరుపులు గుమ్మం దాకా వినపడ్డాయి."

ఎందుకు చెప్పలేదని అడిగాను. అడగడానికి సిగ్గులేదా అని నువ్వనుకోవచ్చు, అడిగాను.

"నువ్వు చెబుతావు కదా అని ఆగాను. ఆ తర్వాత చెబితే ఏమయ్యేది? ఊరు పోయింది, నువ్వూ పోతే ఆ కుర్రాళ్ళకి మిగిలేదేంటి? నాకు ఎలాగూ పన్ను ఊడిపోయింది" అన్నాడు. నవ్వబోయి దగ్గాడు.

మూడో రోజున పోయాడు. అతని శవాన్ని మోయడానికి మనుషులు చాలక పక్క హాస్టల్ వాళ్ళని పిలిచారు. నేను మోశాను. అప్పుడు కూడా నోరు విప్పలేదు.

ఫైనల్లో మనం మూడు గోల్స్‌తో ఓడిపోయామని గుర్తుందిగా. ఎవరి కాళ్ళూ ఆడలేదు. ఆ మాత్రం దానికి.

నువ్వు వచ్చేటప్పుడు తిన్నగా నా ఇంటికి రావద్దు. ముందు తుకజ్‌బాన్ దగ్గరికి వెళ్ళు. నేను నిన్ననే వెళ్ళి ఆవిడకి అంతా చెప్పాను. నన్ను గుమ్మంలోనే నిలబెట్టి విన్నది. తలుపు వేసుకుంది. నిన్ను లోపలికి రానిస్తుందనే అనుకుంటున్నాను. శుక్రవారం టీ కొట్టులో మన వీధివాళ్ళు కూడతారు, అక్కడా చెబుతాను. వదినకి మొన్న చెప్పాను. అప్పటి నుంచి నాతో ఆవిడకి మాటల్లేవు. పైన నోటి గురించి రాసింది అబద్ధం, ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది.

ఖననం నాడు ముల్లా మనందరినీ నిలబెట్టి అడుగుతాడు, ఈ మనిషి మీద మీ మనసులో ఏమన్నా ఉంటే వదిలేశారా అని. వదిలేశాం అని అందరం అంటాం. నాన్న మీద ఎవరికేముంది? బతికున్నవాణ్ణి నువ్వు క్షమించి వదిలేశావా అని చనిపోయినవాణ్ణి అడిగే పద్ధతి మనకి లేదు. ఉంటే నేను అందరికంటే ముందు నిలబడేవాణ్ణి.

గోతిలోకి దిగి నాన్నని అందుకోవలసింది పెద్దకొడుకు. నేను దిగనా, నువ్వు దిగుతావా అన్నది నువ్వే చెప్పాలి. మాటలక్కర్లేదు. అందరూ చూస్తుండగా నువ్వు చొక్కా చేతులు మడిచి ముందుకు వస్తే, నేను వెనక్కి జరుగుతాను. రాకపోతే నేనే దిగుతాను. బరువేమీ ఉండదు, చిన్న సంచీయే ఇచ్చారు.

ఇట్లు,
అన్న అని సంతకం పెట్టవచ్చో లేదో తెలియక పేరు మాత్రం రాస్తున్న
ఖన్‌లార్