బొంత ఎందుకు కప్పలేదంటే

బిష్కెక్

అత్తయ్యా,

జోమార్ట్ లారీలో మీరు పంపిన ఉన్ని బొంత అందింది. మీ మేత కొండ మీద ఫోను పలకదు కాబట్టి ఈ ఉత్తరం అతని చేతికే ఇస్తున్నాను. కోప్పడకండి, బొంత మీ అబ్బాయికి కప్పలేదు. నేనే పరుచుకుని కూర్చున్నాను.

కోక్-బోరు ఆటలో గుర్రం మీంచి పడ్డారని మాత్రమే మొన్న రాశాను. వెన్నుపాము నలిగిందనీ, పాదాలకి సూది గుచ్చినా తెలియలేదనీ రాయలేదు. లోపల వాపు పెరగకుండా రెండు రోజులు ఒళ్ళంతా చల్లబరిచి ఉంచారు. "మాటివ్వలేను, ప్రయత్నిస్తాను" అంది డాక్టరమ్మ. రాతి మీద కూర్చుంటేనే "నడుముకి చలి పడుతుంది, లేవే" అని తిట్టే మీరు ఇక్కడుంటే ఆవిడ జుట్టు పట్టుకునేవారు. నాకూ మనసొప్పక బొంత అంచు ఆయన మీదికి లాగాను. "మేం చల్లబరుస్తుంటే నువ్వు వెచ్చబెడతావేంటమ్మా" అని నర్సు చివాట్లు పెట్టింది.

నిన్నటి నుంచి మెల్లగా మామూలు వేడికి తెస్తున్నారు. ఈ పొద్దున కళ్ళు తెరవగానే నన్ను విసుక్కున్నారు. "బొంత మీద నువ్వు కూర్చుంటే ఎలాగే, నా కాళ్ళు గడ్డకట్టుకుపోతున్నాయి."

డాక్టరమ్మ ఆ మాట రెండుసార్లు చెప్పించుకుంది.

మీరు అల్లిన మేజోళ్ళు పంపండి అత్తయ్యా. రెండు కాళ్ళకీ కావాలి.

మీ కోడలు