మధ్యలో మూడో బిళ్ల

నవంబరు 23, ఆదివారం

మా అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద ఆడవాళ్ల మీటింగ్. ఈసారి పాటల పోటీ కాదు, నా క్వాంటం ఫిజిక్సు. టీ, పకోడీలు, పదహారు మంది. వెలుగు గింజలు గింజలుగా వస్తుందంటే మూడో ఫ్లోర్ రమాదేవి గారు "వడ్లలాగానా?" అన్నారు. అవునండీ, బస్తా వంచితే ధారలా కనిపిస్తుంది, దగ్గరికెళ్లి చూస్తే గింజలే. పదిహేనేళ్లుగా కాలేజీలో పాఠం చెబుతున్నాను, ఈ ముక్క నాకెప్పుడూ తట్టలేదు.

చివర్లో మళ్లీ ఆవిడే — "అంటే మనం గట్టిగా తలుచుకుంటే జరిగేది మారిపోతుందన్నమాట." అందరూ నా మొహంలోకే చూస్తున్నారు, ఆశగా. "ఒకరకంగా... అవునండీ" అన్నాను. చప్పట్లు.

ఎందుకన్నానో. అంతా పకోడీల మొహమాటం.

నవంబరు 24

ఆ "ఒకరకంగా" చేపముల్లులా గొంతులోనే ఉంది.

నవంబరు 26, బుధవారం

ఉయ్యూరు నుంచి కబురు. చక్కెర ఫ్యాక్టరీలో రిటైరైన వాళ్ల క్లబ్బులో మాట్లాడాలట, డిసెంబరు 14న. నాన్న ముప్పై రెండేళ్లు ఆ ఫ్యాక్టరీ ల్యాబ్‌లో కెమిస్టు. వెంటనే ఫోన్ చేశా — నువ్వు కూడా వస్తావా?

"చూపించేదేమన్నా ఉందా, ఊరికే చెప్పేదేనా?"

టెర్రస్ సంగతి కక్కేశాను. "చూడని రీడింగు రాశావన్నమాట" అన్నాడు. ఫోన్ అమ్మకిచ్చేశాడు.

నాన్న నాకు చెబుతాడు, తిడతాడు. ఏనాడూ అడగడు. కూతురు ఫిజిక్స్ లెక్చరరని ఊరంతా చెప్పుకుంటాడు గానీ నన్ను ఫిజిక్సు గురించి ఒక్క ప్రశ్న అడిగిన పాపాన పోలేదు. నేను ఎక్కడ మాట్లాడినా రాలేదు. ఈసారి ఆ హాల్లో ఆయన ఉండాలి. నాకు నలభై రెండేళ్లు, కోరిక చూస్తే రెండో తరగతి పిల్లది.

నవంబరు 29, శనివారం

మైలవరం హైస్కూలు, తొమ్మిదో తరగతి. కాలేజీ ల్యాబ్ నుంచి మూడు పోలరాయిడ్ బిళ్లలు పట్టుకెళ్లా, ఒకే దిక్కున ఊగే వెలుగును మాత్రమే రానిచ్చేవి. ఒక బిళ్ల నిలువుగా, ఒకటి అడ్డంగా, వెనక టార్చిలైటు — చీకటి. రెండింటి మధ్యలో మూడోది ఏటవాలుగా దూర్చాను — వెలుగు. అడ్డం పెంచితే వెలుగొచ్చింది. పిల్లలు బెంచీలెక్కేశారు. వెనక బెంచీ అమ్మాయి ఒకత్తి, "మోసం టీచర్, బిళ్ల మార్చేశారు." తనే వచ్చి చేసి చూసుకుంది, మూడుసార్లు. అప్పటికి గానీ నమ్మలేదు.

నాన్నకి చూపించేది దొరికింది. తిరుగు బస్సులో మామిడితోటలు చూస్తూ నాలో నేనే నవ్వుకుంటుంటే కండక్టరు రెండుసార్లు తిరిగి చూశాడు.

డిసెంబరు 7, ఆదివారం

ఉయ్యూరు. రోడ్డు పొడుగునా చెరుకు ట్రాక్టర్లు, వాటి వెనక మా బస్సు. వరండాలో నాన్న ముందు బిళ్లలు పెట్టాను. చీకటి... వెలుగు. గెలిచాననుకున్నా.

"దీనికా ఇంత హడావుడి" అన్నాడు. వంటింటి వైపు తిరిగి, "ఏమేవ్, కాస్త పంచదార పాకం పట్టు. చిక్కగా. తీగ రాకముందే దించు."

"ఇప్పుడు పాకం దేనికీ?" అంది అమ్మ.

"వెలుగును తిప్పడానికి."

పాకం చల్లారేదాకా ఇద్దరం పేపరు చదివాం. పొడుగాటి గాజు గ్లాసు నిండా పోశాడు. నా మధ్య బిళ్ల తీసి పక్కన పడేశాడు. కింద టార్చి, దాని మీద ఒక బిళ్ల, గ్లాసు, పైన ఇంకో బిళ్ల. వెలుగొచ్చేసింది. పైగా రంగులు — పై బిళ్ల తిప్పుతుంటే పసుపు, నీలం, ఊదా. అమ్మ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఇన్నేళ్లూ ఈయన ల్యాబ్‌లో చూసింది ఇదా అన్నట్టు.

"పంచదార వెలుగు ఊగే దిక్కును తిప్పుతుంది. ఎంత తిరిగిందో చూసి చెరుకు రసంలో పంచదార ఎంతుందో చెప్పేవాళ్లం. నీ మధ్య బిళ్ల చేసేదీ అదే. ఇందులో క్వాంటమేముందమ్మా?"

బిళ్లలు సంచిలో వేసుకుని, ఆ ప్రశ్నతోనే బస్సెక్కాను.

డిసెంబరు 8

తట్టింది. బెంజ్ సర్కిల్లో, ట్రాఫిక్ మధ్య. అక్కడే ఆటోలోంచి ఫోన్ చేశా. నాన్నా, పాకం ఒక్క గింజనీ ఆపదు, అన్నిటినీ ఒకేలా తిప్పి పంపిస్తుంది. బిళ్ల అలా కాదు, కొన్నిటిని పంపుతుంది, కొన్నిటిని మింగేస్తుంది. ఇప్పుడు ఒక్కొక్క గింజే పంపామనుకో —

"గింజ సగానికి విరగదుగా" అన్నాడు.

విరగదు.

"అయితే వెళ్లాలి, లేదా ఆగాలి."

అంతే.

"అన్నీ ఒకేలాంటివేనా?"

ఒకేలాంటివే నాన్నా. అవతల కుక్కరు కూత.

"సరే, వస్తాలే" అన్నాడు.

డిసెంబరు 11

గొంతు పట్టేసింది. మిరియాల పాలు. ఆదివారానికి తగ్గాలి.

డిసెంబరు 14, ఆదివారం

క్లబ్బు హాలు నిండింది. ఇస్త్రీ చొక్కాలు, ఫ్యాక్టరీ కబుర్లు. నాన్న వెనకాల, తలుపు పక్కన. అమ్మ ఒళ్లో పాకం గ్లాసు, దారిలో ఒలకకుండా పళ్లెం మూతపెట్టి మరీ తెచ్చింది. రంగులు చూపించగానే పెద్దవాళ్లంతా లేచి టేబుల్ చుట్టూ మూగారు. మైలవరం పిల్లలే నయం.

బాయిలర్ మీద పనిచేసినాయన అడిగారు, మనసుతో మార్చొచ్చా అని. మళ్లీ అదే ప్రశ్న. "లేదండీ. ఏది జరగాలో మన కోరిక తేల్చదు. ఇంతకుముందు ఒకచోట అవునన్నాను, తప్పు చెప్పాను." హాయిగా అనిపించింది.

అప్పుడు నాన్న లేచాడు. మైకు అడిగి తీసుకున్నాడు.

"నాదొక ప్రశ్న మేడమ్."

హాలంతా నవ్వు. ఆయన నవ్వలేదు. "గింజలన్నీ ఒకేలాంటివన్నారు. ఒకటి వెళ్తోంది, ఒకటి ఆగిపోతోంది. ఏది వెళ్లాలో ముందే ఉందా, బిళ్ల దగ్గరికొచ్చాక తేలుతోందా?"

మైకు మళ్లీ నా చేతికొచ్చింది, చెప్పాను. కొందరు అక్కడికక్కడే తేలుతుందంటారు. కొందరు రెండూ జరుగుతాయంటారు, వెళ్లిన లోకం ఒకటి, ఆగిన లోకం ఇంకొకటి. ముందే ఉంది, మనకే కనపడదనేవాళ్లూ ఉన్నారు. ప్రయోగంలో ఏం కనిపిస్తుందో మాత్రం ముగ్గురూ ఒకటే చెబుతారు. ఏది నిజమో... "నాకు తెలియదు నాన్నా. ఇంకా ఎవరికీ తెలియదు."

మైకులో నాన్నా అనేశాను.

ముందు వరసలోంచి నాన్న పాత ఆఫీసరు గారు, "ఏమయ్యా, మీ అమ్మాయికీ తెలియదంట."

"తెలియదని చెప్పింది కదండీ" అన్నాడు నాన్న. "చాలదా?" కూర్చున్నాడు.

బస్సులో ఏడ్చాను. ఇంత సంతోషం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక.

డిసెంబరు 15, సోమవారం

ఆరింటికే ఫోన్. "ముందే ఉండి తీరాలి. మీకు దొరకలేదు, అంతే."

జంట గింజల ప్రయోగాల గురించి చెప్పా. ఒకటి ఇక్కడ, ఒకటి ఎక్కడో దూరాన, రెండింటినీ కొలిచి పోల్చి చూస్తారు. ప్రతి గింజా తన జవాబు ముందే మోసుకొస్తుందన్న మామూలు లెక్క అక్కడ సరిపోవడం లేదు నాన్నా.

"అయితే చూపించు."

ఆ సరంజామా మా ల్యాబ్‌లో లేదు.

"ఎలా చూపిస్తావో ఆలోచించు. ఆదివారం నేనే వస్తున్నా."

ఎనిమిదింటికి మళ్లీ — "బయల్దేరే ముందు రెండూ మాట్లాడుకుని ఉండొచ్చుగా?" గొప్ప గొప్పవాళ్లు పట్టుకుని వేలాడిన అనుమానం, పళ్లు తోముకుంటూ అడిగాడు. పదకొండింటికి క్లాసులో ఉండగా ఇంకో కాల్. ఎత్తలేదు. ఏం అడగబోయాడో.

ఇంకా ఆరు రోజులు. చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు. పొద్దుట్నుంచి నవ్వుతూనే ఉన్నాను.