కారు కింద అద్దం

ప్రియమైన అత్తయ్యగారికి,

నమస్కారాలు. ఇంటికి క్షేమంగా చేరాం. బస్సులో మూడు గంటలూ మీ అమ్మాయి కిటికీ వైపే తిరిగి కూర్చుంది. ఇంటి తాళం తీశాక మాత్రం ఒక్క మాట అంది: "మా అమ్మ చేతిపనిని పదిమందిలో అలా అంటావా?" కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అంటారు. నాది జారింది. అందుకే ఈ ఉత్తరం.

జరిగింది మీకు తెలిసిందే. అయినా రాస్తాను, రాస్తే నాకు బరువు తగ్గుతుంది. మీ మోడల్ కార్ల క్లబ్బులో ఆదివారం అందరూ మీ కారు చుట్టూ చేరారు. మామయ్యగారు మనసు పడ్డ ఆ గుండ్రటి బుగ్గల పాత కారు, అసలు దానిలో ఇరవై నాలుగో వంతు, జానెడు కూడా లేదు. తలుపులు తెరుచుకుంటున్నాయి, కిటికీ అద్దాలు దిగుతున్నాయి. ఈ ఏడు పోటీలో కప్పు మీదేనని అందరూ అంటున్నారు. నేను దాన్ని చేతిలోకి తీసుకుని, అలవాటు కొద్దీ తిరగేశాను. కింద ఏమీ లేదు. నున్నటి నల్ల రేకు, నాలుగు చక్రాలు, అంతే. "పైన పటారం, లోన లొటారం" అనేశాను. గదంతా విన్నది.

అనకూడని మాట. క్షమించండి. కానీ ఎందుకన్నానో కూడా చెప్పాలి. అంతకు నిమిషం ముందే మీరు నన్ను క్లబ్బు ప్రెసిడెంటుగారికి పరిచయం చేశారు, "మా అల్లుడుగారు, కార్ల వ్యాపారంలో ఉన్నారు" అని. అత్తయ్యగారూ, నాకు వ్యాపారం లేదు. రేకుల షెడ్డు ఉంది, రెండు జాకీలు ఉన్నాయి, గోళ్లలో ఎంతకీ వదలని గ్రీజు ఉంది. తొమ్మిదేళ్లుగా మీ ఇంటికి వస్తున్నాను. ప్రతిసారీ గుమ్మంలోనే "చేతులు కడుక్కున్నారా?" అంటారు. కడుక్కునే వస్తాను, మళ్లీ కడుక్కుంటాను. ఎప్పటికైనా నలుగురిలో "మా అల్లుడు మెకానిక్" అంటారేమోనని చూస్తున్నాను. ఆ కోపం మీ కారు మీద తీర్చుకున్నాను.

అయితే ఆ కారు కింద నిజంగా అలా ఉండదు. అది మాత్రం వెనక్కి తీసుకోలేను.

మీ ఆశీస్సులు కోరే,
కార్ల వ్యాపారంలో ఉన్న మీ అల్లుడు

&nbsp;

అల్లుడుగారికి,

ఆశీస్సులు. మీ ఉత్తరం అందింది. ఉన్నమాటంటే ఉలుకెక్కువ అని మీ మామగారు అనేవారు. రెండు రోజులు ఉలికాను. మూడో రోజు కారు తిరగేసి, కంటికి భూతద్దం పెట్టుకుని చూశాను. మీరన్నది నిజమే.

నలభై ఏళ్లు గడియారాలు బాగుచేసిన మనిషిని. ఎవరు ఏ గడియారం తెచ్చినా ముందు వెనక మూత తీసేదాన్ని. అలాంటిదాన్ని కారు అడుగు మర్చిపోయాను. ఎందుకా అని ఆలోచించాను. ఆ కారుని మేం ఎప్పుడూ కొట్టు కిటికీలోంచే చూశాం. రోజూ పొద్దున తొమ్మిదింటికి మా వీధిలో ఎడమ నుంచి కుడికి పోయేది. మీ మామగారు చేతిలో పని ఆపి, అది మలుపు తిరిగేదాకా చూసి, "ఎప్పటికైనా" అనుకుని మళ్లీ బల్ల మీదికి వంగేవారు. ఎక్కింది లేదు, తాకింది లేదు. ఆయన పోయాక రెండేళ్లు కూర్చుని నేను చేసింది, కిటికీలోంచి కనిపించినంత కారు.

పోటీకి ఇంకా నాలుగు నెలలుంది. కింద ఏమేం ఉంటాయో, ఏది ఎంత ఉంటుందో రాయండి. ఫోనులో చెప్పకండి, కొలతలు గాలికి పోతాయి. మిల్లీమీటర్లలో కావాలి. "సుమారుగా" అన్న మాట వాడకండి.

మీరు రాసిన రెండో సంగతి తర్వాత, ముందు కొలతలు కానివ్వండి.

అమ్మాయిని అడిగానని చెప్పండి.

ఇట్లు,
మీ అత్తగారు

&nbsp;

ప్రియమైన అత్తయ్యగారికి,

"సుమారుగా" వద్దన్నారు. మా షెడ్డులో సగం పని ఆ మాట మీదే నడుస్తుంది. అయినా సరే, మీకోసం మానేశాను.

మన అదృష్టం బాగుంది. అచ్చం అదే కారు నా దగ్గరికి సర్వీసుకి వస్తుంది. లెక్కల టీచరమ్మది. ఆవిడని అడిగి ఆదివారం దాకా ఉంచుకున్నాను. నేను వెర్నియర్ పట్టుకుని కింద పడుకున్నాను. మీ అమ్మాయి బకెట్ బోర్లించి దాని మీద కూర్చుని రాసుకుంది. నర్సు కదా, నేను కొలత చెప్పినప్పుడల్లా జ్వరం చూసి చార్టులో ఎక్కించినట్టు ఎక్కించింది. నాలుగు చోట్ల నమ్మకం కలక్క మళ్లీ కొలిపించింది. మీ అమ్మాయే, సందేహం లేదు.

ఇన్నేళ్లలో ఏదీ విప్పకుండా, ఏదీ బిగించకుండా, కారు కింద ఊరికే పడుకుని చూడటం ఇదే మొదటిసారి. ఎంత బాగుందో చెప్పలేను. ఇంజను తిప్పుడుని వెనక చక్రాలకి మోసుకెళ్లే షాఫ్టు అరవై మిల్లీమీటర్ల లావు, మీ లెక్కలో రెండున్నర. సైలెన్సర్ పైపు నలభై రెండు. బ్రేకు గొట్టాలు ఎక్కడ వంగాయో, ఏ బోల్టు ఎటు తిరిగి ఉందో అన్నీ గీశాను. మొత్తం తొమ్మిది కాగితాలు, నూట ఏడు కొలతలు. గ్రీజు మరకలుంటే మన్నించండి, కాగితాలకి చేతులు కడిగించలేకపోయాను.

ఇంకో సంగతి. మీరు మీ మనవరాలికి చేసిచ్చిన చిన్న లారీ బొమ్మ ఉంది కదా, దాన్ని షెడ్డులో అలమర మీద పెట్టాను. వచ్చినవాళ్లందరికీ "మా అత్తగారు చేశారు" అని చూపిస్తుంటాను. టీచరమ్మ దాన్ని చూసి, తన కారు బొమ్మ కూడా ఒకటి కావాలన్నారు. సరేనన్నాను. అత్త సొమ్ము అల్లుడు దానం. మీరు కాదంటే నా పరువు పోతుంది.

ప్రేమతో,
మీ అల్లుడు

&nbsp;

అల్లుడికి,

ఆశీస్సులు. నూట ఏడు కొలతలు పంపిన మనిషిని ఇంకా మీరు మీరంటే చేతికి బరువుగా ఉంది. నువ్వు అనే రాస్తున్నాను. అభ్యంతరమైతే చెప్పు, అయినా మానను.

మూడు నెలలుగా బల్ల దగ్గరి నుంచి లేవలేదు. నల్ల రేకు పీకేశాను. సైలెన్సర్ పైపుకి అమ్మాయి పంపిన లావు సిరంజి సూది అచ్చుగుద్దినట్టు సరిపోయింది. వెనక చక్రాల పైన ఉండే కమాను పట్టీలకి చేతిగడియారం స్ప్రింగు కత్తిరించాను. నీ బొమ్మలు ముందు అర్థం కాలేదు, తర్వాత వాటిని తలకిందులుగా పట్టుకుని చూశాను. నువ్వు పడుకుని గీశావు, నేను కూర్చుని చూస్తున్నాను, అదీ తేడా. పట్టు దొరికాక మాత్రం నీ గీత నాకు బాగా నచ్చింది. ఒక్క గీత అబద్ధం చెప్పలేదు.

అన్నిటికన్నా తొంభై మూడో కొలత నన్ను ఏడిపించింది. సైలెన్సర్ వెనక కొక్కెం, గొలుసు, మూడు లింకులు. అంత సన్న గొలుసు ఎక్కడ తేను? వారం వెతికితే మీ మామగారి డబ్బాలో పాడైపోయిన జేబుగడియారం ఒకటి కనిపించింది. అలాంటి వాటి లోపల వెంట్రుకంత గొలుసు ఉంటుంది, చూడటానికి సైకిల్ చైను లాగే. మూడు లింకులు తెంపి వేలాడదీశాను. కొలతకి కాస్త పెద్దది. నూట ఏడింటిలో ఇదొక్కటే "సుమారుగా". సైలెన్సర్‌ని గొలుసుతో కట్టాలని తోచిన ఆ కంపెనీవాళ్లు ఎవరో గానీ, తెలివైనవాళ్లు.

పోటీలో కారుని అద్దం మీద పెడతాను, అడుగంతా కనిపించేలా. జడ్జి ఒక డ్రాఫ్ట్స్‌మన్‌గారు. ఆ కార్ల కంపెనీలోనే డ్రాయింగులు గీసి రిటైరయ్యారు. చిన్న టార్చి వేసి చూస్తారు, తేడా కనిపిస్తే ఒక్కోదానికి అర మార్కు కోస్తారు. కొయ్యనీ, చూద్దాం.

టీచరమ్మకి మాట ఇచ్చావు గనక ఆవిడ కారు కూడా చేస్తాను. ఇకమీదట దానాలు నన్ను అడిగి చెయ్యి.

ప్రేమతో,
మీ అత్తయ్య

&nbsp;

అత్తయ్యగారూ,

ఇది అందగానే చదవండి. తొంభై మూడో కొలత తప్పు. కొలత కాదు, ఆ వస్తువే తప్పు.

ఆ గొలుసు వేసింది కంపెనీవాళ్లు కాదు, నేను. పన్నెండేళ్ల కిందట టీచరమ్మ కారు సైలెన్సర్ నడిరోడ్డు మీద ఊడి వేలాడింది. అక్కడ కంపెనీ వేసేది రబ్బరు పట్టీ. ఆ రోజు ఎక్కడా దొరకలేదు. పక్కనున్న సైకిల్ కొట్టులో పాత చైను ముక్క అడిగి తెచ్చి కట్టాను. వారంలో రండి, మారుస్తానన్నాను. అది ఊడలేదు, ఆవిడా అడగలేదు. నేను దాని సంగతే మర్చిపోయాను. మొన్న నా అతుకుని నేనే కొలిచి, శ్రద్ధగా గీసి, నంబరు వేసి మీకు పంపాను. మీరు తెలివైనవాళ్లని రాసింది చదివి మీ అమ్మాయి కడుపు పట్టుకుని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

దయచేసి దాన్ని తీసేయండి. రబ్బరు పట్టీ బొమ్మ, కొలతలు ఇందులో పెట్టాను. ఎవరైనా అడిగితే పుస్తకంలో చూసి చేశానని చెప్పండి. నా సంగతి ఎత్తకండి. మీ క్లబ్బులో నా వల్ల మీ తల రెండోసారి వంగకూడదు.

మీ అల్లుడు

&nbsp;

ప్రియమైన అత్తయ్యగారికి,

పోటీ అయి పది రోజులైంది. అమ్మాయి ఫోను చేస్తే "అతనికే రాస్తాను" అని పెట్టేశారట. నా ఉత్తరం వేళకి అందిందా లేదా? తిట్టదలిస్తే తిట్టండి. ఇలా ఊరుకుంటే మాత్రం నాకు ఏ బండి మీదా చెయ్యి ఆడటం లేదు.

మీ అల్లుడు

&nbsp;

ప్రియమైన నాయనా,

ఆలస్యమైంది. వీధిలోకి వెళ్తే చాలు, క్లబ్బువాళ్లు ఎవరో ఒకరు ఆపి గొలుసు సంగతి అడుగుతున్నారు. తీరిక ఎక్కడిది?

నీ తొందర ఉత్తరం పోటీకి ముందు గురువారమే అందింది. రబ్బరు పట్టీ చెయ్యడం అరగంట పని. భూతద్దం పెట్టుకుని కూర్చున్నాను. గొలుసుని పట్టకారుతో పట్టుకున్నాను కూడా. లాగలేదు.

నీకు ఎప్పుడూ చెప్పని సంగతి ఒకటుంది. గడియారం బాగుచేసినవాళ్లు మూత లోపల సూదితో చిన్న గుర్తు గీస్తారు. గడియారం పెట్టుకునేవాళ్లకి అది ఎప్పటికీ కనిపించదు, మళ్లీ మూత తీసిన రిపేరువాడికే కనిపిస్తుంది. మీ మామగారి గుర్తు చంద్రవంక, నాది రెండు చుక్కలు. తయారు చేసినవాడి పేరు ముఖం మీద ఉంటుంది, బతికించినవాడి గుర్తు మూత లోపల ఉంటుంది. ఏ పాత గడియారంలోనైనా ఆరేడు గుర్తులు కనిపిస్తే మీ మామగారు, "దీన్ని ఎవరో వదులుకోలేకపోయారు" అని మురిసిపోయేవారు. నువ్వు వేసిన గొలుసు కూడా అలాంటి గుర్తే. దాన్ని పీకడానికి నాకు చెయ్యి రాలేదు.

ఆదివారం కారుని అద్దం మీద పెట్టాను. డ్రాఫ్ట్స్‌మన్‌గారు పైపైన చూసి తలూపారు. తర్వాత టార్చి వేసి అద్దంలోకి వంగారు. ఎంతకీ లేవలేదు.

"అమ్మా, షాఫ్టు, పట్టీలు, బ్రేకు గొట్టాలు అన్నీ మా డ్రాయింగులో ఉన్నట్టే ఉన్నాయి. ఈ గొలుసేమిటి? మేం గీసింది రబ్బరు పట్టీ" అన్నారు.

"మీరు గీసింది తెగిపోయిందండీ. ఇది మా అల్లుడు వేసింది. పన్నెండేళ్లయింది, ఇంతవరకూ ఊడలేదు" అన్నాను.

ప్రెసిడెంటుగారు పక్కనే ఉన్నారు. "మీ అల్లుడిది కార్ల వ్యాపారం కదండీ?" అన్నారు.

"కాదండీ. ఆ రోజు నేను అబద్ధం చెప్పాను. మా అల్లుడు మెకానిక్. ఈ కారు కింద మీకు కనిపిస్తున్నదంతా అతను నేల మీద పడుకుని కొలిచి ఇచ్చిందే."

గట్టిగానే అన్నాను. పోయినసారి నీ మాట గదంతా విన్నది కదా, ఈసారి నాది విననీ అనుకున్నాను. ఆ తర్వాత జనం వరసగా వచ్చి, మోకాళ్ల మీద వంగి మరీ అద్దంలో చూశారు. కారు పైన ఎవరూ చూడలేదు. రెండేళ్లు పాలిష్ పట్టిన నా రంగు వృథా అయింది. నాకేమీ బాధ కలగలేదు.

డ్రాఫ్ట్స్‌మన్‌గారు అర మార్కు కోశారు. సరిగ్గా ఆ అర మార్కుతోనే కప్పు ఒక ట్రాక్టరుకి పోయింది. నాకు రెండో బహుమతి. వెళ్లేటప్పుడు ఆయన నన్ను పక్కకి పిలిచి, "మీ అల్లుడి షెడ్డు ఎక్కడండీ? నా సైలెన్సరు కూడా ఈమధ్య చప్పుడు చేస్తోంది" అని అడిగారు. అడ్రసు ఇచ్చాను. వస్తారు. ఆయన దగ్గర "సుమారుగా" అనకు.

ఇప్పుడు నువ్వు మొదటి ఉత్తరంలో రాసిన రెండో సంగతి. మా కొట్టు బోర్డు మీద "గడియారాల వ్యాపారం" అని రాయించింది నేనే. మేం అమ్మింది ఏడాదికి నాలుగో అయిదో, మిగతాదంతా రిపేరే. మీ మామగారు ఆ బోర్డు చూసి, "మనం చేసే పని పేరు రాస్తే ఏం పోతుంది?" అన్నారు. నేను వినలేదు. బాగుచేసి బతకడం తక్కువ అని నాలో ఎప్పుడు నాటుకుందో తెలియదు. అది నీ మీద రుద్దాను. తొమ్మిదేళ్లు నిన్ను గుమ్మంలో నిలబెట్టి చేతులు కడిగించాను. తప్పు నాది నాయనా. నిన్ను చూసి నేను గర్వపడుతున్నాను. ఈ మాట ఎప్పుడో అనాల్సింది.

కారు అడుగున, షాఫ్టు పక్కన, నా రెండు చుక్కలు గీశాను. దాని పక్కన చంద్రవంక కూడా గీశాను, ఆయన ఎక్కాల్సిన కారు కదా. మూడో గుర్తుకి చోటు వదిలాను. నీది ఏమిటో ఆలోచించుకుని వచ్చే ఆదివారం రా. సూది నేనిస్తాను. ఇంటికెళ్లి తయారవ్వాలని చూడకు, షెడ్డు నుంచి నేరుగా వచ్చెయ్యి. చేతులు కడుక్కోనక్కర్లేదు.

ప్రేమతో,
ఒక మెకానిక్‌కి అత్తగారు