రెండో చెప్పు

అక్కకు నీ తమ్ముడు ఎంకటయ్య కాళ్లకు మొక్కి రాస్తున్నాను. నేనిక్కడ బాగానే ఉన్నాను, నా గురించి పరేషాన్ కావద్దు. నీ మోకాళ్ల నొప్పి తగ్గిందా? ఎర్రావు ఈనిందా? నీ బిడ్డ సుజాత బడికి పోతోందా?

ఇక్కడి ఎండ మన ఎండ కాదు, ఒళ్లంతా జిగటగా ఉంటుంది. జొన్నరొట్టె మొహం చూసి ఎన్నాళ్లయిందో. మూడు పూటలా అన్నం, చేపల పులుసు. తింటున్నానులే, బాగానే ఉన్నాను.

మేస్త్రి దగ్గర పని అయిపోయాక, చదువొచ్చినవాడినని, ఒడ్డుకు కొట్టుకొచ్చే చెత్త లెక్క తీసే ఒక సారు నన్ను పెట్టుకున్నాడని రాశాను కదా. కృష్ణ కలిసే చోట సముద్రం ఒడ్డున వంద మీటర్లు తాడు పట్టి, ఆ మేరలో పడిన చెత్తంతా ఏరి, రకానికో కుప్ప పోసి పుస్తకంలో రాయాలి. పాల కవర్లు, గుట్కా ప్యాకెట్లు, తెగిన వలలు, చెప్పులు. దేని మీదైనా ఊరి పేరుంటే ఆ పేరు, లేకుంటే "ఎక్కడిదో తెలియదు" అని. పుస్తకం నిండా అదే మాట.

ఈ పనికి ఎందుకు ఒప్పుకున్నానో నీకు తెలుసు. కృష్ణకు వరదొస్తోందని మోటారు పైకి లాగడానికి బావ పోయిన రోజు, ఒడ్డున కుడి చెప్పు ఒక్కటే దొరికింది. మనిషి దొరకలేదు. "రెండో చెప్పన్న కండ్లజూస్తె అప్పుడు దినాలు చేస్త. అప్పటిదాంక నా బొట్టు జోలికి ఎవ్వరొచ్చినా ఊకోను" అన్నావు. రెండు వానాకాలాలు పోయాయి. ఆ చెప్పు ఇంకా నీ గడప దగ్గరే ఉంది. నేనిక్కడ ఎడమకాలి చెప్పు కనబడితే చాలు, తిప్పి చూస్తాను. ఎడమ చెప్పు వారు తెగితే బావ పెబ్బేరు సంతలో కొన్న ఎర్ర పగ్గం పోగుతో కుట్టుకున్నాడు కదా, ఆ కుట్టు కోసం.

ఎండాకాలంలో ఒకరోజు సారు "ఏమయ్యా, చెప్పుల దగ్గరే ఆగిపోతావేంటి?" అన్నాడు. చెప్పేశాను. సారు పుస్తకం మూశాడు. "మీ వైపు నుంచి కొట్టుకొచ్చేది డ్యాముల దగ్గరే ఆగిపోతుందయ్యా. ఇక్కడ పడేదంతా ఈ చుట్టుపక్కల కాలవలదీ, పడవలదీ" అన్నాడు. ఆ సంగతి నీకు రాయడానికి చెయ్యి రాలేదక్కా.

మొన్న అదే కొలత ఎడమ చెప్పు దొరికింది. కుట్టు లేదు. ఎర్ర తాళ్లు ఇక్కడ కుప్పలకు కుప్పలు. గుడిసెలో కూర్చుని బావ కుట్టినట్టే కుట్టాను. పార్సిల్ కట్టి నీ పేరు రాశాను. నువ్వు నమ్మితే దినాలు జరుగుతాయి, రోజూ వాకిట్లోకి చూడటం మానేస్తావు అనుకున్నాను. పోస్టాఫీసు మెట్ల దాకా పోయాను. నువ్వు దాన్ని కడిగి, కుడి చెప్పు పక్కన పెట్టి, గుండెకు హత్తుకుని ఏడుస్తావని అక్కడ తట్టింది. ఎవడి చెప్పో అది! నా వల్ల కాలేదు. తిరిగొచ్చి కుట్టు విప్పి, కుప్పలో వేసి, "ఎక్కడిదో తెలియదు" అని రాశాను.

బావ రాడక్కా. చెప్పు కూడా రాదు. ఈ ఒడ్డున నాకు ఏడుపు తప్ప ఇంకేమీ మిగల్లేదు. దినాలకు రోజు చూసి కబురు పెట్టు, వస్తాను. పెద్దనాయనకు నా దండాలు, సుజాతకు ముద్దులు. తమ్ముణ్ణి తిట్టినా సరే, దీవించు.

ఒక్క మాట. గడప దగ్గరి చెప్పును కృష్ణలో వేయమని ఎవరైనా చెప్తారు. వేయొద్దు. మన చేనిగట్టునే పూడ్చిపెడదాం. నీళ్లలో వేస్తే అది ఏ ఒడ్డుకు చేరినా, నాలాంటోడు ఎవడో ఒకడు తిప్పి చూస్తాడు.

నీ తమ్ముడు
ఎంకటయ్య