పసుపు పెట్టిన ఎర్ర కార్డు

తిరువళ్లూరు, బుధవారం

విద్యక్కకు వసుమతి రాసేది. ఆస్పత్రిలో ఉన్నాను, కంగారు పడకు, బాగున్నాను. ఫోను ఉండగా ఈ పోస్టుకార్డు ఎందుకంటే చివర చెబుతాను.

కీమో ఎక్కించుకున్న తొమ్మిదో రోజు, ఆదివారం, చలిజ్వరం వచ్చింది. జ్వరం వస్తే మాత్ర మింగి పడుకోకుండా వెంటనే వచ్చి చూపించమని ఆస్పత్రివాళ్లు ఒక ఎర్ర కార్డు ఇచ్చారు. "యాడ పెట్టినావే దాన్ని?" అని మా ఆయన బీరువా అంతా వెతికారు. నేనేమో పెళ్లి పత్రికకు పెట్టినట్టు దాని నాలుగు మూలలా పసుపు పెట్టి, మురుగన్ పటం వెనక ఉంచాను. గుర్తొచ్చేసరికి అరగంట పోయింది. నర్సమ్మ కార్డు చూసి, "దేవుడికి చూపించేదానికి కాదక్కా, మాకు చూపించేదానికి ఇచ్చినాము" అని నవ్వింది. క్యూ లేకుండా లోపలికి తీసుకెళ్లి గంటలోపే మందు ఎక్కించారు. నిన్న జ్వరం దిగింది.

ఊరగాయ పంపకు, నోరంతా పుండ్లు. మెత్తటి నూలు చీరలు రెండు కావాలి. మీ బోరులో నీళ్లు వస్తున్నాయా? పిల్లలకు నా దీవెనలు.

రొమ్ములో గడ్డ తగులుతోందని నాతో అన్నావు, నొప్పి లేదుగా అని ఊరుకున్నావు. నా గడ్డకూ నొప్పి లేదక్కా. సోమవారం పదింటికి ఇక్కడ నీ పేరు రాయించాను. బావతో చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నావు. నేను చెప్పలేదు, కార్డు రాశాను, అంతే.

బావా, పోస్టు ముందు మీ కొట్టుకే వస్తుందని నాకు తెలుసు. దీనికి పసుపు పెట్టి దాచకుండా, అక్కను వెంటబెట్టుకుని రండి.