పడవ మీద పాఠం

నాన్నకు ఇనాస్ సలాములు. కైరోలో మేమందరం బాగున్నాం. దమియాత్తాలో మీరూ అమ్మా కులాసాగా ఉన్నారని నమ్ముతున్నాను. మీరు పంపిన జున్ను డబ్బా అందింది. మా అత్తగారు దాన్ని ఎవరికీ పెట్టకుండా తన గదిలో దాచుకున్నారు.

ఫోనులో మీకు సగమే వినపడుతుందని ఇదంతా రాస్తున్నాను. ప్రమోషన్ ఏమైందని అడిగారు. రాలేదు. ఇప్పట్లో రాదు కూడా. నాకేం దిగులు లేదు, మీరూ పెట్టుకోవద్దు.

వ్యాపారంలో కంప్యూటర్ల వాడకం గురించి నేను చెప్పే కోర్సు మీకు తెలుసు కదా. పందొమ్మిది వందల మంది పిల్లలు, ఏడు వందల కుర్చీల హాలు. టర్ము చివర కోర్సు ఎలా ఉందో పిల్లలు కంప్యూటర్లో చెప్పాలి. చెప్పకపోతే పరీక్ష ఫలితం కనబడదు. అందుకని చదవకుండానే అక్కడున్న వాక్యాలన్నిటికీ 'పూర్తిగా నిజం' అని నొక్కేస్తారు. ఈసారి నాకు ఒళ్లు మండి మధ్యలో ఒక వాక్యం దూర్చాను: "ఈ కోర్సులో ప్రతి గురువారం నైలు నదిలో పడవ మీద పాఠం చెప్పారు." పదహారు వందల పన్నెండు మంది నిజమేనన్నారు.

కోర్సుల నాణ్యత చూసే విభాగానికి అధిపతి డాక్టర్ రవూఫ్. ఆయన నన్ను పిలిపించారు.

"ఏంటమ్మా ఈ వేళాకోళం? అది తీసేసి రిపోర్టు మీద సంతకం పెట్టు. అయిదుకి నాలుగున్నర వచ్చింది. ప్రమోషన్ నీ ఒళ్లో పడుతుంది."

"ఆ మార్కులు నావి కావు సార్. పడవవి."

"నీ కొంప నువ్వే కూల్చుకుంటానంటే నేనేం చేసేది?"

"ఏమీ చెయ్యకండి. నేను మాత్రం సంతకం పెట్టను."

పెట్టలేదు. అరవై మంది పిల్లల్ని లాబ్‌లో కూర్చోబెట్టి, ఒక దుకాణానికి సరుకు జాబితా కంప్యూటర్లో తయారుచేయమన్నాను. పదకొండు మందికే చేతనైంది. అదే రాసి, బయటినుంచి తనిఖీకి వచ్చినవాళ్ల చేతిలో పెట్టాను. కోర్సు నాదే, తప్పులో నా వాటా ఉంది. వచ్చే టర్ము నుంచి పిల్లల్ని చిన్న గుంపులు చేసి లాబ్‌లోనే చెబుతాను, ఎవరు కాదన్నా సరే.

మీకు చెప్పకుండా దాచిన మాట ఒకటుంది. నాలుగేళ్ల కిందట నాకొచ్చిన 'ఉత్తమ కోర్సు' పత్రానికి మీరు అద్దం కట్టించి మన కుర్చీల దుకాణంలో తగిలించారు. అప్పట్లో కాగితం ఫారాలు ఉండేవి. వాటిని పిల్లలు నింపలేదు. నేనూ నా అసిస్టెంటూ కూర్చుని, పెన్నులు మార్చి, చేతిరాతలు మార్చి నాలుగు వందలు నింపాం. కొన్ని ఎడమచేత్తో రాశాను. వచ్చినవాళ్లందరికీ మీరు దాన్ని చూపిస్తుంటే సిగ్గుతో చచ్చిపోయాను.

కుర్చీని తిరగేసి, కాళ్లు ఊపి చూడందే మీరు అమ్మకానికి పెట్టరు. మీ దుకాణంలో దొంగ సరుకు అదొక్కటే నాన్నా. దించేయండి.

ఇట్లు,
ఇంకా లెక్చరర్‌గానే ఉన్న మీ కూతురు
ఇనాస్