దేవరకాడు పక్కనుంచి దారి

కక్కెమాడు, కొడగు
9 ఫిబ్రవరి 1987

చెల్లెలు దేచవ్వకు తంగవ్వ ఆశీస్సులు.

కావేరమ్మ దయవల్ల ఇక్కడ అందరం క్షేమం. నా చేత ఆవిడ పేరు రాయించింది అలవాటే, నవ్వుకోకు. మైసూరులో నువ్వూ, నీ కూతురూ, మనవలూ బాగున్నారని తలుస్తాను. మనిద్దరికీ మాటల్లేక రెండేళ్లయింది. పెద్దదాన్ని కాబట్టి నేనే దిగివస్తున్నాను. అది నా గొప్పతనమని గుర్తుంచుకో.

అసలు కబురు, మన ఊరికి రోడ్డు వస్తోంది. జీపు నా గుమ్మం దాకా వస్తుంది. దేవుడి అడవి కాబట్టి పండగనాడు తప్ప దేవరకాడులో ఎవరూ అడుగుపెట్టరని, మా ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి దాని చుట్టూ మూడు మైళ్లు మోసుకెళ్లిన రోజు నువ్వూ ఉన్నావు. అడ్డంగా వెళితే అరమైలే. ఆసుపత్రి గేటు దగ్గరే ఆయన ప్రాణం పోయింది.

అందుకే ఊరి సమావేశంలో కాడు మధ్యనుంచి రోడ్డు వేయాలన్నాను. చెట్టు చెట్టే, అందులో దేవుడుంటే ఆ రోజు పక్కకి జరిగేవాడు అన్నాను. నువ్వు తప్ప అందరూ చేతులెత్తారు. నీ అభిప్రాయం మార్చుకోవే అంటే, అభిప్రాయమైతే నీకోసం ఎప్పుడో మార్చుకునేదాన్నక్కా, ఇది అది కాదు అన్నావు. నీకు చదువు దండగైందన్నాను. ఆ మాటకే నువ్వు ఊరు వదిలావు. నేను అనకుండా ఉండాల్సింది.

పోయిన నెల చెట్లు కొట్టే రోజు వచ్చింది. ఆ తమాషా నువ్వు చూడాల్సింది. చేతులెత్తిన మగవాళ్లంతా గొడ్డళ్లతో సరిహద్దు రాళ్ల దాకా వచ్చి ఆగిపోయారు. ఒకడికి నడుం పట్టేసింది, ఇంకొకడి గొడ్డలికి పదును లేదు. అడవిపందికి ఎదురెళ్లేవాళ్లు నేరేడు చెట్టుకి వెనకాడారు. ఊరిపెద్ద కుశాలప్ప గొడ్డలి నా చేతిలో పెట్టి, ముందు చెయ్యెత్తింది నువ్వే కదా తంగవ్వా, మొదటి దెబ్బ నువ్వెయ్యి, మిగతాది మేం చూసుకుంటాం అన్నాడు. సరే అని రాయి దాటాను. నాలుగడుగులకే మోకాలు నొప్పెట్టి తిరిగొచ్చేశాను. వాళ్లు ఆ సాకుతోనే ఇళ్లకు పోయారు.

తర్వాత చూస్తే, నా కాఫీ తోటలోంచి వేస్తే మైలులోపే తేలుతుంది, వాలు కూడా తక్కువ. పన్నెండడుగుల వెడల్పున తోట రాసిచ్చేశాను. నాలుగువందల మొక్కలు పోతాయి, అన్నీ ఆయన నాటినవే. మనసు పీకింది, అబద్ధం చెప్పను. కానీ ఇది రోడ్డు బాగు కోసం చేసిందే తప్ప భక్తి కాదని ఊరందరికీ చెప్పాను.

కాఫీ పూతకొచ్చేలోగా రా. కడంబుట్టు ఉండలు, పందికూర చేసిపెడతాను. నీ ఇంటి తాళం నా దగ్గరే ఉంది, వారం వారం ఇల్లు ఊడ్పిస్తున్నాను.

నీ అక్క,
తంగవ్వ

తా.క. మోకాలి నొప్పి అబద్ధం. రాయి దాటాక అరికాళ్లకు చల్లగా తగిలి కిందికి చూసుకున్నాను. వెనక్కి చూస్తే నా చెప్పులు రాయి ఇవతలే ఉన్నాయి, పక్కపక్కనే సర్దిపెట్టినట్టు. ఎప్పుడు విప్పానో నాకే తెలియదు. నోరు రెండేళ్లుగా వాదిస్తోంది, కాళ్లు నన్ను ఒక్కమాట అడగలేదు. చెప్పులు విప్పిన చోట గొడ్డలి ఎలా ఎత్తనే? దేవుడు లేడన్న నా అభిప్రాయం అలాగే ఉంది. చెప్పులేసుకుని ఆ రాయి దాటమని మాత్రం నన్నడక్కు.